దిద్దుబాటుకు కారణము వ్రాయుట – గిట్ కమిట్, కమిటైజెన్

పాఠశాలలో అడ్మిషన్ రిజిస్టరు అను పెద్ద పుస్తకము కలదు. బడిలో చేరిన ప్రతి పిల్లవాని పేరు, తండ్రి పేరు, పుట్టిన తేది, మాతృభాష అందులో నుండును. ఆ పుస్తకమునకు ఒక నియమమున్నది. అందు తప్పు పడినచో రబ్బరు వాడరాదు, తెల్లరంగు పూయరాదు. తప్పు మాట చదువుటకు వీలుగానే యుండునట్లు దానిపై ఒక్క గీత గీసి, సరియైన మాటను పైన ఎఱ్ఱసిరాతో వ్రాసి, ప్రక్కన ప్రధానోపాధ్యాయుడు పొడి అక్షరములతో సంతకము చేసి తేది వేయవలెను. పుట్టిన తేది వంటి ముఖ్యవిషయమైనచో ఏ ఉత్తరువు ననుసరించి మార్చిరో ఆ ఉత్తరువు సంఖ్యను రిమార్కుల గడిలో ఎక్కింపవలెను. నలువది యేండ్ల తరువాత ఆ పిల్లవాడు నెరసిన తలతో పెన్షను కాగితములకై వచ్చి నిలిచినప్పుడు, ఆనాటి ప్రధానోపాధ్యాయుడు ఉండడు, గుమాస్తా ఉండడు. ఆ గడిలోని ఒక్క పంక్తి మాత్రము ఉండును.

కంప్యూటరు వచ్చిన తరువాత ఈ నియమము మన చేతినుండి జారిపోయినది. తెరమీద ఒక మాటను చెరిపి మరియొక మాటను టైపు చేసి సేవ్ చేసినచో పాతమాట జాడ యుండదు. ఎవరు మార్చిరో, ఎన్నడు మార్చిరో, ఎందుకు మార్చిరో తెలియదు. ఈ భయముచేతనే మనలో చాలమంది ప్రతి మార్పునకు ఒక కొత్త ఫైలు చేయుచుందురు. 'ప్రశ్నపత్రము', 'ప్రశ్నపత్రము కొత్తది', 'ప్రశ్నపత్రము చివరిది', 'ప్రశ్నపత్రము నిజముగా చివరిది' అను నాలుగు ఫైళ్లు లేని ఉపాధ్యాయుని కంప్యూటరును మేమింకను చూడలేదు. వాటిలో అచ్చునకు పోయినది ఏదియో చెప్పుట మాత్రము కష్టము.

ప్రోగ్రాములు వ్రాయువారికి ఈ చిక్కు మనకన్న ముందే వచ్చినది. ఒకే ప్రోగ్రామును పదిమంది దిద్దుచుండగా పాతరూపము పోకుండ, కొత్తరూపముల క్రమము తెలియునట్లు కాపాడు సాధనములకు వెర్షన్ కంట్రోల్ అని పేరు. 1972లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో మార్క్ రాచ్‌కైండ్ అనువారు ఎస్.సి.సి.ఎస్. అను సాధనమును చేసిరి. 1980ల ఆరంభమున వాల్టర్ టిషీ చేసిన ఆర్.సి.ఎస్., 1986లో డిక్ గ్రూన్ మొదలుపెట్టిన సి.వి.ఎస్., 2000లో ఆరంభమైన సబ్‌వర్షన్ దాని తరువాతివి. నేడు ఎక్కువమంది వాడునది గిట్. దీనిని 2005 ఏప్రిల్‌లో లినస్ టోర్వాల్డ్స్ సృష్టించెను. లినక్స్ కెర్నెల్ అను మహా ప్రోగ్రామును వేలకొలది జనులు దూరదూరమునుండి దిద్దుచుండిరి. అందులకు 2002 నుండి వాడుచుండిన బిట్‌కీపర్ అను సాధనము 2005లో వారికి ఉచితముగా లభింపకపోయెను. అప్పుడు టోర్వాల్డ్స్ కొన్ని దినములలోనే గిట్‌ను నిలబెట్టెను. ఆ ఏడు జూలై నుండి దాని పోషణభారమును జూనియో హమానో వహించెను. టోర్వాల్డ్స్ ఫిన్లండు దేశస్థుడైనను ఇంటిభాష ఫిన్నిష్ కాదు. అతడు ఆ దేశమందలి స్వీడిష్ మాటలాడు అల్పసంఖ్యాకుల కుటుంబమున పుట్టినవాడు. ఈ సంచిక చదువువారికి ఈ సంగతి రుచించునని తలచి వ్రాసితిమి. గిట్‌కు దీనితో సంబంధమేమియు లేదు.

ఇక గిట్ పనిచేయు తీరు చూతము. మనము దిద్దుకొను ఫైళ్లుండు ఫోల్డరు ఒకటి. దానిలో 'గిట్ ఇనిట్' అని ఒక్కసారి టైపు చేసినచో, ఆనాటి నుండి ఆ ఫోల్డరు చరిత్రను గిట్ కాపాడుటకు సిద్ధమగును. ఈ ఆజ్ఞలను టెర్మినల్ అను నల్లని తెరపై ఇంగ్లీషు లిపిలోనే టైపు చేయవలెను. మేమిచ్చట తెలుగు లిపిలో వ్రాయుచున్నాము. ఫైలులో మార్పు చేసి సేవ్ చేసినంత మాత్రమున గిట్ దానిని చరిత్రలోనికి ఎక్కించుకొనదు. 'గిట్ యాడ్' అను ఆజ్ఞతో ఏయే మార్పులు ఎక్కవలెనో ఏరి ఒక ప్రక్కన పెట్టవలెను. ఆ పిమ్మట 'గిట్ కమిట్' అన్నప్పుడు ఏరిపెట్టినవి మాత్రము ఎక్కును. పొలములో కోసిన పంటనంతటిని ఒకేసారి ఇంటికి చేర్పక, కళ్లములో వేరువేరు కుప్పలు వేసికొని ఒక్కొక్క కుప్పను బండి కెత్తుట వంటిది ఇది. నడిమి మెట్టు ఎందులకని పిల్లలు విసుగుకొందురు. ఒకపూట కూర్చుండి మనము చేసిన దిద్దుబాట్లు పలు రకములవి కావచ్చును. వాటిని వేరుచేసి, ఒక్కొక్క రకమును ఒక్కొక్క కమిట్‌గా ఎక్కించుటకే ఈ మెట్టున్నది. దీని విలువ క్రింద తెలియును.

కమిట్ అను మాటకు బదులు తరగతిలో 'నమోదు' అని చెప్పి చూచితిమి. పిల్లలు కమిట్ అనియే అనుచున్నారు గనుక దానినే యుంచితిమి. ఒక కమిట్‌లో నుండునవి ఇవి: ఆ క్షణమున ఫోల్డరులోని ఫైళ్ల పూర్తిరూపమును చూపు గుర్తు, దానికి ముందటి కమిట్ పేరు, మార్పు చేసినవాని పేరు, ఎక్కించినవాని పేరు, కాలము, చివరకు ఒక సందేశము. వీటన్నిటిని కలిపి గణించి, 40 అక్షరాంకెల పొడవుగల ఒక పేరును గిట్ ఆ కమిట్‌కు పెట్టును. లోపల ఒక్క చుక్క మారినను ఆ పేరు మారును. ముందటి కమిట్ పేరు వెనుకటిదానిలో ఇమిడి యుండుటచే, నడుమ నున్న దేనినైనను ఎవరైనను రహస్యముగా మార్చినచో ఆపై పేర్లన్నియు మారిపోయి ఆ సంగతి బయటపడును. రిజిస్టరు పుటలకు వరుస సంఖ్యలు వేసి, కుట్టి, ముద్ర వేయుట కన్న ఇది గట్టిది.

తాళపత్ర గ్రంథముల తుదను లేఖకుడు తన పేరు, సంవత్సరము, మాసము, తిథి, ఎవరికొఱకు వ్రాసెనో ఆ సంగతి చేర్చుట మన దేశమున వాడుక. ఆ నాలుగు ముక్కలు లేనిచో ఆ ప్రతి ఏ కాలమునాటిదో పండితులు చెప్పలేక తల పట్టుకొందురు. ఉన్నను ఒక చిక్కు కలదు. ప్రభవాది సంవత్సరములు 60 ఏండ్లకొకసారి తిరిగివచ్చును గనుక, శకవర్షము లేనిచో ఏ చుట్టులోని విభవయో తేలదు. గిట్‌కు ఆ బాధ లేదు. 1970 జనవరి 1వ తేది మొదలు గడచిన సెకండ్లను లెక్కపెట్టి, మన దేశపు కాలభేదమైన అయిదున్నర గంటలను ప్రక్కన వేసి భద్రపరచును.

ఇంతవరకు యంత్రము తనంతట చేయును. సందేశము మాత్రము మనిషి వ్రాయవలెను. 'గిట్ కమిట్' అని ఊరకున్నచో ఒక ఎడిటరు తెరచుకొనును. కొన్ని కంప్యూటర్లలో అది విమ్ అను ఎడిటరు. అందులో ప్రవేశించినవాడు బయటికి వచ్చు దారి తెలియక కంప్యూటరునే ఆర్పివేయుట కలదు. అందుచేత 'డాష్ ఎమ్' అను గుర్తు చేర్చి, కోట్ గుర్తుల నడుమ ఒక మాట టైపు చేసి ముగించుట అలవాటైనది. ఏమియు వ్రాయకున్నచో గిట్ ఆ కమిట్‌ను అంగీకరింపదు. కాని ఏమి వ్రాసినను అంగీకరించును. చుక్క పెట్టినను సరే, 'మార్పు' అన్నను సరే. ఉద్యోగములలో నున్న మా పూర్వ విద్యార్థులు చెప్పినదేమనగా, పెద్ద సంస్థల చరిత్రలలో సయితము 'అప్‌డేట్', 'మరల అప్‌డేట్' అను పంక్తులు కోకొల్లలుగా నున్నవట.

ఇది ఎంత నష్టమో మా పాఠశాలలో జరిగిన ఒక సంగతివలన చెప్పుదుము. మా హోసూరు ప్రాంతమున తరతరములుగా స్థిరపడిన తెలుగువారి మాటలలో పుస్తకములకెక్కనివి అనేకములున్నవి. పై తరగతుల పిల్లలు సెలవు దినములలో పల్లెలకు పోయి, అవ్వలను తాతలను అడిగి ఆ మాటలను సేకరించుచున్నారు. మాట, అర్థము, చెప్పినవారి ఊరు ఒక్కొక్క పంక్తిగా ఫైలులో చేర్చి, గిట్‌లో ఉంచుచున్నారు. ఒకనాడు ఆ జాబితాలో 'ఆనపకాయ' అను మాటకు 'సొరకాయ' అని అర్థము కనబడెను. కోస్తా జిల్లాలలో అది నిజమే. ఇచ్చట సొరకాయను ఎవరును ఆనపకాయ అనరు. ఇచ్చట నున్నది 'అనపకాయ'. రాగిచేనిలో కలిపి చల్లు చిక్కుడు జాతి పైరు అది. చలికాలమున దాని గింజలను నానబెట్టి, పైపొట్టు పితికి పప్పుచేసి పులుసు పెట్టుట ఈ ప్రాంతమున ప్రతి ఇంటను కలదు. సంగటిలోనికి దానిని మించినది లేదని ఈ ప్రాంతము వారి మాట. అట్టి అనపకాయ ఒక్క దీర్ఘముతో సొరకాయ అయిపోయినది!

'గిట్ బ్లేమ్' అను ఆజ్ఞ ఫైలులోని ఒక్కొక్క పంక్తిని చివర మార్చిన కమిట్ ఏదియో చూపును. చూడగా ఒకే కమిట్‌లో 11 మాటలు మారియున్నవి. సందేశము 'దిద్దుబాటు' అని ఒక్క మాట. చేసినవాని పేరు కలిగిన చోట పాఠశాల పేరున్నది. ఆ గదిలోని కంప్యూటరును అందరును వాడుదురు గనుక గిట్‌కు ఒకే పేరు ఇవ్వబడియుండెను. తేదినిబట్టి కంప్యూటరు గది హాజరు పుస్తకము తిరగవేయగా, పిల్లవాడు ఎవడో తెలిసినది. అప్పటికే అతడు చదువు ముగించుకొని వేఱు ఊరి కళాశాలలో చేరియుండెను. మంచి పిల్లవాడు. అచ్చు నిఘంటువు దగ్గర పెట్టుకొని శ్రద్ధగా దిద్దినవాడు. 'ఎనుము'ను 'గేదె'గా, 'అలసందలు' అనుదానిని 'బొబ్బర్లు'గా మార్చినది ఆ శ్రద్ధయే. ఎనుము తప్పుమాట కాదు. అది పాత గ్రంథములలో నున్న మాటయే, ఇచ్చట ఇంకను పాడిపశువుతో పాటు బ్రదికి యున్నది.

'గిట్ రివర్ట్' అను ఆజ్ఞతో ఆ కమిట్‌ను త్రిప్పివేయవచ్చును. కాని పదునొకండింటిలో కొన్ని కొమ్ము, దీర్ఘముల టైపు తప్పులకు నిజమైన దిద్దుబాట్లు. త్రిప్పినచో అవియు వెనుకకు పోవును. వేరువేరు కుప్పలుగా ఏరి ఎక్కించియున్నచో ఈ చిక్కు లేదు. ఎట్లో ఒక పూట కూర్చుండి పదింటిని తేల్చితిమి. ఒక్కటి మిగిలినది. పొలముగట్టును తెలుపు మాట ముందు 'గెనుము' అని యుండగా 'గెనిమ' అని దిద్దబడినది. మరల అడిగి దిద్దెనా, పుస్తకము చూచి దిద్దెనా? ఫోనులో అడుగగా ఆ పిల్లవానికి జ్ఞాపకము లేదు. ఆ మాట చెప్పిన తాత ఆ నడుమనే కాలము చేసిరి. వారి నోట ఆ మాట ఎట్లు పలికెనో చెప్పుటకు మా యొద్ద నున్న సాక్ష్యము 'దిద్దుబాటు' అను ఆ ఒక్క మాటయే.

అది మొదలు మేము కమిటైజెన్ అను పనిముట్టును తెచ్చి వాడుచున్నాము. ఇదియు టెర్మినల్‌లోనే పనిచేయును. గిట్‌కు బదులుగా వచ్చునది కాదు. గిట్ ముందు కూర్చుండి ప్రశ్నలడుగు గుమాస్తా వంటిది. ఈ పేరుతో రెండు పనిముట్లున్నవి. ఒకటి నోడ్ జేఎస్ మీద నడచును, రెండవది పైథాన్ మీద. మొదటిదానిలో 'గిట్ కమిట్' అనుటకు మారుగా 'గిట్ సీజెడ్' అని టైపు చేయవలెను. రెండవదానిలో 'సీజెడ్ కమిట్' అనవలెను. అంతట అది ఒకదాని వెంట నొకటి ప్రశ్నించును. మార్పు ఏ రకమునకు చెందినది? ఏ విభాగములో? క్లుప్తముగా ఏమి చేసితివి? వివరముగా చెప్పవలసినదున్నదా? పాతవాడుకను భంగపరచు మార్పు ఇందున్నదా? ఇది ఏదైన ఫిర్యాదునకో విన్నపమునకో సంబంధించినదా? అక్కరలేని ప్రశ్నకు ఎంటరు నొక్కి ముందునకు పోవచ్చును. జవాబులన్నిటిని ఒక నిర్ణీతక్రమమున కూర్చి అదియే కమిట్ సందేశముగా గిట్‌కు అందించును. విమ్ ముఖము చూడనక్కరలేదు.

మొదటి ప్రశ్నకు జవాబు టైపు చేయనక్కరలేదు; బాణపు గుర్తు మీటలతో జాబితానుండి ఎంచుకొనవలెను. కొత్తసౌకర్యము చేర్చినచో ఫీట్, దోషము దిద్దినచో ఫిక్స్, వివరణపత్రములు మార్చినచో డాక్స్, ఖాళీలు విరామచిహ్నములు వంటి పైరూపము సవరించినచో స్టైల్, ఫలితము మారకుండ లోపలి కూర్పును తిరిగి వ్రాసినచో రీఫ్యాక్టర్, వేగము పెంచినచో పెర్ఫ్, పరీక్షలు చేర్చినచో టెస్ట్. ఇట్లు నోడ్ జేఎస్ పనిముట్టులో మొత్తము 11 రకములు. ఈ పేర్లు కన్వెన్షనల్ కమిట్స్ అను నియమావళి ననుసరించినవి. ఆ నియమావళికి మూలము యాంగులర్ అను ప్రోగ్రామును పెంచినవారు తమలో తాము పెట్టుకొన్న పద్ధతి. రకము ముందు, విభాగము దాని వెంట బ్రాకెట్లలో, పిదప కోలన్, ఆపై క్లుప్తవాక్యము. మొదటి పంక్తి తీరు ఇది. ఇట్లు వరుస తప్పక వ్రాసినచో మనిషియే గాక యంత్రమును ఆ చరిత్రను చదువగలదు. ప్రోగ్రాముల వెర్షన్ సంఖ్యలలో మూడు అంకెలుండుట చూచియుందురు. దోషము దిద్దినచో మూడవ అంకె, కొత్తసౌకర్యము చేర్చినచో రెండవది, పాతవాడుక భంగమైనచో మొదటిది పెరుగవలెనని ఒక కట్టుబాటు. కమిట్ రకములను చదివి ఆ అంకెను తామే పెంచి, మార్పుల పట్టికను తామే తయారుచేయు పనిముట్లు కూడ ఉన్నవి. ఉద్యోగమునకు పోవు విద్యార్థులు ఈ వరుసను నేర్చుకొనుట మంచిది.

మా మాటల జాబితాకు పెర్ఫ్, బిల్డ్ మొదలగువానితో పనిలేదు. పైథాన్ కమిటైజెన్‌లో ఒక సౌకర్యమున్నది. సెట్టింగుల ఫైలులో మన ప్రశ్నలను మనమే వ్రాసికొని, జవాబులను ఏ వరుసలో కూర్చవలెనో చెప్పవచ్చును. పిల్లలు దానిని తెలుగులో నింపిరి. రకములు నాలుగే: కొత్తమాట, టైపు తప్పు, అర్థము మార్పు, రూపము మార్పు. ఆ వెనుక మూడు ప్రశ్నలు: ఏ మాట? ఎందుకు మార్చితివి? ఎవరు చెప్పిరి, ఏ ఊరిలో, ఎన్నడు? అనపకాయ సంగతి మరల వచ్చియున్నచో ఈ మూడవ ప్రశ్న యొద్దనే కలము ఆగియుండెడిది. 'నిఘంటువు' అని జవాబు వ్రాసినను మంచిదే. అప్పుడు చదువువారికి ఆ మార్పు ఊరినుండి వచ్చినది కాదని తెలియును. టైపు తప్పునకు ఈ ప్రశ్నలన్నియు బరువని ఒకరిద్దరు పిల్లలు సణిగిరి. అది న్యాయమే. అట్టివానికి 'డాష్ ఎమ్' పద్ధతినే వాడుకొనుమంటిమి. ప్రతి చిన్నదానికి ప్రశ్నావళి నింపించిన దఫ్తరములలో ఏమగునో మనకు తెలియును: అన్ని గళ్లలోను 'ఐ' అని, 'లేదు' అని నింపి పంపుదురు.

ఇంటర్నెట్టు సరిగా లేని చోట, పాత కంప్యూటర్లున్న చోట కమిటైజెన్ పెట్టుట శ్రమ. అట్టి బడులకు గిట్‌లోనే ఒక సులువున్నది. నాలుగైదు ప్రశ్నలను ఒక చిన్న ఫైలులో వ్రాసి, 'గిట్ కాన్ఫిగ్' ఆజ్ఞతో 'కమిట్ డాట్ టెంప్లేట్' అను సెట్టింగునకు ఆ ఫైలు పేరిచ్చినచో, 'గిట్ కమిట్' అన్నప్పుడెల్ల ఎడిటరులో ఆ ప్రశ్నలు ముందుగానే కనబడును. పంక్తి మొదట హాష్ గుర్తున్నచో ఆ పంక్తి సందేశములో చేరదు గనుక ప్రశ్నలను ఆ గుర్తుతో వ్రాసికొనవలెను. నోట్‌ప్యాడ్ వంటి తెలిసిన ఎడిటరునే వాడుమని కూడ సెట్టింగు ఇచ్చుకొనవచ్చును. మా మట్టుకు ఒకే కంప్యూటరున్న బడికి ఇదియే చాలునని తోచుచున్నది. కమిటైజెన్‌లో నున్న మెరుగు ఏమనగా, అది అడిగి నిలుచును. టెంప్లేట్ ఊరక కనబడును.

తెలుగులో సందేశము వ్రాయవచ్చునా అని అడుగువారు కలరు. నిస్సంశయముగా వ్రాయవచ్చును. గిట్ సందేశమును యూటీఎఫ్-8 పద్ధతిలో భద్రపరచును; అందు తెలుగు చక్కగా నిముడును. కొన్ని మెలకువలు మాత్రము తెలిసియుండవలెను. మొదటి పంక్తి 50 అక్షరములకు మించకుండుట మంచిదని గిట్ వాడువారిలో ఒక ఆచారము. ఆ లెక్క మన అక్షరముల లెక్క కాదు. 'స్త్రీ' మనకు ఒక్క అక్షరము. యంత్రమునకు సకారము, పొల్లు, తకారము, పొల్లు, రకారము, గుడిదీర్ఘము కలిసి ఆరు. దాచునప్పుడు ఒక్కొక్కటికి మూడు బైట్ల చొప్పున 18 బైట్లు. కావున తెలుగు పంక్తిని యంత్రము పొడవైనదని చెప్పినప్పుడు బెదరవలదు. రెండవది, ఫైలునకు తెలుగులో పేరు పెట్టినచో గిట్ తెరపై 340, 260 మొదలగు అంకెల వరుసలను చూపును. ఫైలు చెడిపోయినదని మా పిల్లలు భయపడిరి. చెడిపోలేదు. 'కోర్ డాట్ కోట్‌పాత్' అను సెట్టింగును ఫాల్స్ అని మార్చినచో పేరు తెలుగులోనే కనబడును. మూడవది అన్నిటికన్న ముఖ్యము. గిట్ మార్పులను పంక్తుల లెక్కన చూపును. ఒక పేరా అంతయు ఒకే పంక్తిగా నున్నచో ఒక్క సున్న దిద్దినను పేరా అంతయు మారినట్లే చూపును. అందుకే మాటకొక పంక్తి చొప్పున మా జాబితా యున్నది. వచనమైనచో 'గిట్ డిఫ్' ఆజ్ఞకు 'వర్డ్ డిఫ్' అను గుర్తు చేర్చినచో మారిన మాటలను మాత్రము చూపును.

అందరు వాడు కంప్యూటరులో పేరు సంగతి పైన చెప్పితిమి. కమిట్ చేయునప్పుడు 'డాష్ డాష్ ఆథర్' అను గుర్తుతో చేసినవాని పేరును వేరుగా ఇవ్వవచ్చును. ఎక్కించినది పాఠశాల, వ్రాసినది ఫలానా విద్యార్థి అని రెండు పేర్లును అప్పుడు నిలుచును.

ఇటీవల మరియొక సాధనము వచ్చినది. మనము చేసిన మార్పును చూచి, కృత్రిమ మేధయే కమిట్ సందేశమును వ్రాసిపెట్టును. పూర్వ విద్యార్థి యొకరు మా కంప్యూటరు గదిలో దానిని చూపిరి. ఇంగ్లీషు చక్కగా నున్నది. ఏ పంక్తిలో ఏ మాట ఏ మాటగా మారెనో చక్కగా చెప్పినది. కాని అది మార్పును చూచినవాడెవడైనను చెప్పగలిగినదే. గిట్ డిఫ్ దానిని ముందే చూపుచున్నది. మార్పులో లేనిది, మార్చినవాని మనస్సులో మాత్రము ఉన్నది, చెప్పిన అవ్వ నోటిలో మాత్రము ఉన్నది యంత్రమునకు ఎట్లు దొరకును? 'స్పష్టతకొఱకు మార్చబడినది' అని అది వ్రాసినది. ఎవరి స్పష్టతకొఱకు? ప్రోగ్రాములలో దీనివలన కాలము కలిసివచ్చునేమో గాని, మాటల జాబితాకు మేము దానిని వాడుటలేదు. కమిటైజెన్ కూడ కారణమును పుట్టింపలేదు. గడి చూపి, జవాబు వచ్చువరకు ఆగుట మాత్రము దాని పని. పిల్లవాడు అందులో అబద్ధము నింపినను అది మెదలకుండ అందుకొనును.

కడపట ఒక హెచ్చరిక. సందేశములో పొరపాటు పడినచో 'గిట్ కమిట్ డాష్ డాష్ అమెండ్' అని చివరి కమిట్‌ను దిద్దవచ్చును. అది పాతదానిని దిద్దినట్లు కనబడినను నిజమునకు కొత్తపేరుతో కొత్త కమిట్‌ను చేయును. మన కంప్యూటరులోనే యున్నంతవరకు బాధ లేదు. ఇతరులకు పంపిన తరువాత అట్లు చేసినచో వారి చరిత్ర యొకటి, మన చరిత్ర యొకటి అగును. అప్పుడు దిద్దక, ఇంకొక కమిట్ వేసి అందులో సంగతి చెప్పుటే సరియైన మార్గము. రిజిస్టరులో ఎఱ్ఱసిరా గీత వంటిదే అదియు.

గెనుము, గెనిమ అను రెండు రూపములను ప్రస్తుతము జాబితాలో ప్రక్కప్రక్కన ఉంచితిమి. 'కారణము తెలియదు, చెప్పిన తాత లేరు' అని సందేశములో వ్రాయబడినది. ఆయన చెల్లెలు పొరుగూరిలో నున్నారని తెలిసినది. సంక్రాంతి సెలవులలో ఎనిమిదవ తరగతి పిల్లలిద్దరు అచ్చటికి పోవుదురు. మాట చెప్పి అడుగవలదనియు, పొలముగట్టును చూపి దానిని ఏమందురని మాత్రము అడుగుమనియు వారికి చెప్పియున్నాము. అవ్వ చెప్పినదానిని బట్టి ఆ పంక్తికి ఇంకొక కమిట్ పడును.